మిగతా సగం మీరే అనాలి

పడేయండి, పడేయండి. చేతిలో మిగిలిన ఆ రెండు బొమ్మ కార్డులూ కూడా విసిరేయండి, ఓ పనైపోతుంది. ఏరడానికి నేనున్నాగా. ఒకటో తరగతి టీచరుకి కిందపడ్డవి ఏరడం కొత్తేమన్నానా?

అబ్బో, కళ్ళెర్రజేస్తున్నారే! ఆ కళ్ళకి మీ టైల్స్ షోరూంలో కుర్రాళ్ళు హడలిపోయేవాళ్ళేమో. నేను అంతకంటే పెద్ద కళ్ళు చూశానండీ. పలక విసిరేసినవాళ్ళని చూశాను, నా చెయ్యి కొరికి పారిపోయినవాళ్ళని చూశాను. వాళ్ళకి ఆరేళ్ళు, మీకు అరవై దాటాయి. తేడా అంతే.

ఇదిగో, పడవ. మంచం కిందకి పోయింది మహాతల్లి. గొడుగు. తాళంచెవి. బంతి బొమ్మేదీ? మీ నడుం కిందుంది. కాస్త ఒరగండి అన్నయ్యగారూ. ఉండండుండండి, ఆ కుడిచెయ్యి నేను జరుపుతాను. అది మీ మాట వినడం మానేసిందిగా.

ఏంటి, తలుపు వైపు చూస్తున్నారు? వదిన కోసమా? ఇప్పుడప్పుడే రాదు. మందుల షాపుకెళ్ళింది. వాడు మందులిచ్చేలోపు ఈవిడ మీ గురించి చెప్పుకుని ఓసారి ఏడవాలి, పక్కన నిలబడ్డవాళ్ళు ఓదార్చాలి, అప్పుడొస్తుంది. అందాకా ఈ గదిలో మీరూ నేనే.

నాకైతే హాయిగా ఉంది. నిజం చెప్తున్నా. మీ బావమరిదిని చేసుకుని ఇన్నేళ్ళయింది, ఏనాడైనా నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనిచ్చారా? నేను నోరు తెరిచేలోపు మీరందుకునేవాళ్ళు. ఇప్పుడు చూడండి, నేను చెప్తున్నాను, మీరు వింటున్నారు. మాటల డాక్టరమ్మ అందిగా, ‘ఆయనకి అన్నీ అర్థమవుతాయి, చెప్పడమే పోయింది’ అని. అర్థమవడం కొత్తగా వచ్చిందేమోనని నా అనుమానం.

సరే, బొమ్మలన్నీ పెట్టెలో పెట్టేశాను. ఇవాళ పడవా లేదు, బంతీ లేదు. ఇవాళ వేరే పాఠం.

రేపేంటో గుర్తుందా? గుర్తుండబట్టే ఈ విసురుళ్ళు. ఆ రోజు కౌంటర్లోంచి ఎవరికో బాత్రూం టైల్స్ ధర చెప్తూ చెప్తూ మాట మధ్యలో కూలబడిపోయారు చూడండి, అప్పట్నుంచీ మీ నోట్లోంచి ‘త, త, త’ తప్ప ఇంకో శబ్దం రాలేదు. కాలు కాస్త కదిలింది. నోరు కదల్లేదు. రేపు పొద్దున్న డాక్టరమ్మ పరీక్ష పెడుతుంది. ఒక్క నిజమైన మాట, మనం సగం అందించినా సరే, మీ నోటితో బయటికొస్తే మాటల క్లాసులు ఉంటాయి. లేదంటే ఆపేస్తారు. వెనకాల వరసలో బోలెడుమంది ఉన్నారట. మాటొచ్చే ఆశ ఉన్నవాళ్ళకి ఇవ్వాలట ఆ గంట.

మీకేమో ఆ అట్ట ఇస్తారు.

అదేనండీ, మొన్న చూపించిందిగా. గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ, బాత్రూం బొమ్మ, ఏడుపు మొహం, నవ్వు మొహం. మీకేం కావాలో దాని మీద వేలు పెట్టి చూపించాలి. మెళ్ళో తగిలించుకోవడానికి తాడు కూడా ఉంది. దాన్ని చూసి మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత దుప్పటి ముసుగేసుకుని ఏడ్చారు కూడా. ఆఁ, చూశాలెండి. వదిన చూళ్ళేదు, నేను చూశాను. బల్ల మీద తల ఆనించి ఏ పిల్ల ఏడుస్తోందో, ఏ పిల్ల నిద్రపోతోందో వెనకనుంచి చూసి చెప్పడమే కదా మా ఉద్యోగం.

జాలేసిందా అంటారా? కొంచెం. అబద్ధమెందుకు, కడుపుమంట చల్లారిందే ఎక్కువ.

‘ఒకటో తరగతికి ఏముందమ్మా చెప్పడానికి? నాలుగక్షరాలు, నాలుగు బొమ్మలు. మా ఇంటి పనిమనిషైనా చెప్తుంది.’ ఎవరన్నారండీ ఈ మాట? మీ మనవరాలి పుట్టినరోజునాడు, కేకు ప్లేటు చేత్తో పట్టుకుని? ఇదిగో, ఆ నాలుగు బొమ్మలే ఇవి. ఆ పెట్టే ఇది. బంతి. రెండక్షరాలు. అనండి చూద్దాం మరి!

పోనీలెండి, మీరొక్కరేనా?

లోకమంతా అంతే. పన్ను పీకించుకున్న ప్రతివాడూ పళ్ళ డాక్టరుకి పాఠం చెప్పడు. బస్సెక్కిన ప్రతివాడూ డ్రైవర్ని లేవమనడు. చిన్నప్పుడు నాలుగేళ్ళు బడికెళ్ళొచ్చిన ప్రతివాడూ మాత్రం టీచరు కనిపిస్తే చాలు, చదువెలా చెప్పాలో మొదలుపెడతాడు. మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు ఉన్నాడు. వాటర్ ట్యాంకు కడిగించాలంటే నాకు ఫోను. ‘మీకైతే మధ్యాహ్నం నుంచీ ఖాళీయే కదండీ.’ ఎవరింట్లో పిల్లాడు అన్నం తినకపోయినా నేనే కావాలి. ‘అదిగో టీచరొస్తోంది, కొడుతుంది, తిను!’ నేనేమన్నా బూచినా? పనున్నప్పుడు బూచిని, లేనప్పుడు ఖాళీ మనిషిని.

నేనెప్పుడన్నా మీ షోరూంకొచ్చి, ‘టైల్స్ అమ్మడానికి ఏముందండీ, నేల ఉన్నవాడు ఎలాగూ కొంటాడు’ అన్నానా? అనలేదు. అనాలని నాలిక చివరిదాకా వచ్చేది. మింగేదాన్ని.

మీ పెద్దాడి సంగతి తీసుకోండి. ఎనిమిదేళ్ళొచ్చినా వాడికి ఒక్క లైను చదవడం రాలేదు. అక్షరాలు కదులుతున్నాయత్తా అని ఏడ్చేవాడు. మీరేమో మొద్దు వెధవ అని వీపు వాయగొట్టేవారు. నా వంటింట్లో పీటేసి కూచోబెట్టి, పళ్ళెంలో ఇసక పోసి, వాడి వేలు పట్టుకుని రాయించాను. ఒక వేసవి సరిపోలేదు, ఇంకో వేసవి కూడా. వాడికి అక్షరాలు కదలడం మానేసిన రోజు నేను గ్యాస్ మీద పాలు మాడబెట్టాను, ఆ సంతోషంలో.

వాడికి ఉద్యోగం వచ్చిందని పార్టీ ఇచ్చారు మీరు. అందరి ముందూ గ్లాసెత్తి ఏమన్నారు? ‘మావాడిది పుట్టుతెలివండీ, ఏ టీచరూ వాడికి ఏమీ నేర్పక్కర్లేకపోయింది.’ నేనక్కడే ఉన్నాను. మీ చుట్టాలకి మంచినీళ్ళందిస్తున్నాను. మీ పెద్దాడు నావైపు చూసి తలొంచుకున్నాడు. అంతే, అంతకంటే ఏం చేస్తాడు పాపం. తండ్రి పోలిక రాకుండా పెంచానని సంతోషించాను.

సెలవులివ్వగానే ఫోన్ చేసిందీ వాడే. ‘అత్తా, నాన్నకి రోజూ ఎవరో ఒకరు కూర్చుని మాటలు చెప్పించాలట. నీకెలాగూ సెలవులే కదా’ అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. అయినా చూడండి, మీ ఇంట్లో ఆ మాట గోడలకి పట్టిన చెమ్మలాంటిది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకొస్తుంది.

డాక్టరమ్మని ఏమనాలి? చిన్నపిల్ల. మంచి పిల్లే. మొదటిరోజు ‘మీరు టీచరా? చిన్నపిల్లలకా? అబ్బ, ఎంత హాయో! రోజంతా వాళ్ళతో ఆడుకోవడమే’ అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కడిదో నాకు తెలుసు. అది మా నాన్న నవ్వు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ పిల్ల ఓ విషయం చెప్పింది. మీరూ విన్నారు. మామూలు మాటలు తలలో ఒకచోట ఉంటాయట. ఆలోచించకుండా వేలసార్లు అనేసిన మాటలు ఇంకోచోట ఉంటాయట. అంకెలు, వారాలు, పాటలు, తిట్లు, ఊతపదాలు. మొదటి గది కూలిపోయినా రెండో గది నిలబడొచ్చట. దాని తలుపు తియ్యడానికో పద్ధతుంది. సగం మాట మనం అనాలి. మిగతా సగం ఆయనకి వదిలెయ్యాలి. దానంతటదే జారిపడుతుంది.

‘మేమూ అంతేనండీ, తెలిసినదాంట్లోంచే తెలియనిదాంట్లోకి తీసుకెళ్తాం’ అన్నాను. ‘ఓ, అవునా’ అని రాసుకుంటూ కూచుంది. ఏం రాసుకుందో.

ఇక వదిన మొదలుపెట్టింది. ఒకటి, రెండు... అని ఆగింది. మీరు ‘త’ అన్నారు. సోమవారం, మంగళవారం... ‘త’. ఏదో ప్రార్థన చదివింది. పెళ్ళయిన కొత్తలో మీరు పాడారట, ఓ పాట, సిగ్గుపడుతూ సగం పాడింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఏమీ రాలేదు. షోరూం కుర్రాడు ఫోన్లో ‘రండి సార్, కొత్త డిజైన్లు...’ అన్నాడు. అదీ రాలేదు. మీరు క్యాష్ కౌంటరు దాటి ఎప్పుడన్నా వచ్చారా, కస్టమర్లని పిలవడానికి?

ఆఖరికి తన పేరు సగం అంది వదిన. ఎలా వస్తుందండీ అది? ఆవిణ్ణి మీరు ఏనాడు పేరుతో పిలిచారు? ‘ఏయ్’ అనేగా. ఏయ్‌లో సగమెక్కడుంటుంది అందించడానికి?

అప్పుడడిగింది డాక్టరమ్మ. ‘ఆయన మాటిమాటికీ అనే మాట, నవ్వుతూ, సరదాగా, ఎవరు కనబడ్డా అనే మాట, ఏదన్నా ఉందా? ఆలోచించండి.’ అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను నా గోళ్ళు చూసుకున్నాను.

నాకు తెలుసు.

అవును, ఆ నిమిషంలోనే తెలుసు. వాళ్ళెవరికీ తట్టకపోవడంలో వింతేముంది? కొట్టినవాడు మర్చిపోతాడు, చూసినవాడూ మర్చిపోతాడు. దెబ్బ తిన్నవాడికేగా గుర్తుండేది.

ఇప్పుడు కళ్ళు దించుకున్నారేం? మీకూ తట్టిందా?

మా పెళ్ళి మర్నాడు భోజనాలు. పొడుగాటి బల్లలు, వరసగా కుర్చీలు. మీరు మగపెళ్ళివారి అల్లుడుగారు, బల్లకి సరిగ్గా మధ్యలో కూర్చున్నారు. మా నాన్న కూర్చోలేదు. పిల్లనిచ్చినవాడు కదా, నీళ్ళ జగ్గు పట్టుకుని ఎవరికేం కావాలో చూస్తూ తిరుగుతున్నాడు. ఎవరో అడిగారు, ‘పెళ్ళికూతురు ఏం చేస్తుందండీ?’ అని. ‘టీచరండీ, నాలాగే’ అన్నాడు. ఆ ‘నాలాగే’ అన్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది. కూతురికి రాజ్యం రాసిచ్చినట్టు వెలిగిపోయింది.

మీరు కంచంలోంచి తలెత్తలేదు. ‘ఆఁ... బతకలేక బడిపంతులు’ అన్నారు. అని, ముక్కులోంచి ఓ నవ్వు.

బల్ల మొత్తం నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు. నవ్వి, మీ గ్లాసులో నీళ్ళు పోశాడు.

అన్నయ్యగారూ, మా నాన్న బళ్ళో నవ్వితే పిల్లలు ఇంటికెళ్ళి చెప్పుకునేవాళ్ళు, అంత తక్కువ నవ్వేవాడు. ఆ నవ్వు ఆయనది కాదు. ఆ రోజు మీరిచ్చారు. ఆ తర్వాత మీరు ఎక్కడ కనపడ్డా సరే, మీరు నోరు తెరవకముందే దాన్ని మొహానికి తగిలించుకునేవాడు. మీరూ ఆయన్ని నిరాశపరచలేదు లెండి. గృహప్రవేశంలో అదే మాట. నేను స్కూటర్ కొనుక్కుంటే అదే మాట, దానికి ‘స్కూటరెక్కిందర్రోయ్’ అని తోక. ఫోన్ ఎత్తితే అదే పలకరింపు.

ఆయన పోయినరోజు కూడా.

గుర్తులేదా? మీకు గుర్తుండదు. శవం పక్కన నేను కూర్చున్నాను. మీరొచ్చి, నా తల మీద చెయ్యేసి, నిట్టూర్చి, ‘పాపం, బతకలేక బడిపంతులు... అయినా పిల్లలందర్నీ చదివించుకున్నాడు’ అన్నారు. దెప్పాలని అనలేదని నాకూ తెలుసు. మీ కళ్ళలో నిజంగానే తడి ఉంది. అలవాటుగా వచ్చేసింది. అదీ నేను క్షమించలేంది! పగతో అన్నా బాగుండును. మా నాన్న శవం దగ్గర మీరు ఆవులించినట్టు అన్నారు ఆ మాట.

అందుకే డాక్టరమ్మ అడగ్గానే తెలిసిపోయింది. మీ తలలో ఏ గది కూలినా ఆ మాట మాత్రం చెక్కుచెదరదు. దాన్ని అంత గట్టిగా కట్టుకున్నారు మీరు.

మరి ఎందుకు చెప్పలేదంటారా?

సగం నేననాలిగా! ఆ మాట నా నోటితో నేను మొదలుపెట్టాలి. మా నాన్నని నవ్వించిన మాట. మీకు అందించాలి, ఇదిగో బాబూ పూర్తి చేసుకో అని, ఆ రోజు ఆయన నీళ్ళందించినట్టు. ఛీ, అంతకంటే ఈయన మూగవాడిగానే ఉండనీ అనుకున్నాను. అవునండీ, అనుకున్నాను. ఏం చూస్తారలా? ఈ వేసవంతా మీతో పడవ, గొడుగు, బంతి అని మొత్తుకున్నాను, రావని తెలిసే మొత్తుకున్నాను. రోజూ మీరు ఓడిపోతుంటే కుర్చీ వేసుకుని చూశాను. మీ వ్యాపారం వాళ్ళు చూడ్డానికొచ్చినప్పుడు మీ చేతి మీద నక్షత్రం స్టిక్కరంటించి ‘గుడ్ బాయ్’ అన్నాను చూడండి, అది పొరపాటున కాదు. ఆ రాత్రి నాకు బ్రహ్మాండంగా నిద్రపట్టింది.

‘ఎంత ఓపికమ్మా నీకు’ అంటుంది వదిన. ఓపిక కాదు వదినా, పగ అని చెప్పలేదు. అయినా పగకి మాత్రం తక్కువ ఓపిక కావాలా?

ఇవాళ చెప్పడానికి కారణం కూడా మీరు కాదు. మీ మొహం చూసి కాదు. పొద్దున వంటింట్లో వదిన గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ‘తిట్టైనా సరే, ఒక్క మాటంటే చాలు’ అంది. ‘లేవగానే నన్ను కసిరేవారు. ఆ కసురు లేకపోతే నాకు తెల్లారినట్టే లేదు. రేపు ఆ అట్ట మెళ్ళో వేస్తే నేను చూళ్ళేను’ అంది.

మీకు తెలీదు, మీరు భోజనం చేస్తున్నారు కాబట్టి. ఆ రోజు బల్లంతా నవ్వుతుంటే నవ్వకుండా లేచింది ఒక్కతే. మా నాన్న చేతిలోంచి జగ్గు తీసుకుని, ‘మీరుండండి బాబాయిగారూ, నేను చూస్తాను’ అంది. వదిన. ఆవిడ కోసం.

లేవండి. దిండు నిలబెడుతున్నాను. నిటారుగా. ఇటు చూడండి, నా పెదాల వైపు. రెండు పెదాలూ కలిపి, ఊపిరి పట్టి, వదలాలి. మిగతాది మీరు చెయ్యక్కర్లేదు, అదే వస్తుంది. నేను సగం అంటాను. మిగతా సగం మీరే అనాలి.

ఊఁ.

ఉండండి. కాస్త మంచినీళ్ళు తాగుతాను.

సరే.

బతకలేక...

ఊఁ? బతకలేక...

వస్తోంది, వస్తోంది, గొంతు కదిలింది, పెదాలు కలిశాయి... అదేంటి? మింగేశారేం? మింగేశారు కదూ! నోటిదాకా వచ్చినదాన్ని మింగేశారు!

ఏంటా నీళ్ళు? సిగ్గా? ఇప్పుడా? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ దీన్ని? దీన్ని నాకిచ్చి ఏం చేసుకోమంటారు? మా నాన్న ఫోటోకి దండ వెయ్యనా దీంతో? నాకు మీ సిగ్గక్కర్లేదు. నాకు మాట కావాలి. తుడుచుకోండి. నేను తుడవను, ఎడంచెయ్యి పనిచేస్తోందిగా, మీరే తుడుచుకోండి.

తల అడ్డంగా ఊపకండి. అనడం మానేసి మంచివాడైపోదామనుకుంటున్నారా? అంత తేలిగ్గానా? ఇన్నేళ్ళూ ఉచితంగా అన్నారు, ఇవాళ ఆవిడ కోసం ఒక్కసారి అనలేరా? రేపు మెళ్ళో ఆ అట్ట పడితే, ఆవిడ ముందు గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టి కూర్చుంటారా? నా క్లాసులో ఏడుపులు కుదరవు. మా నాన్న నవ్వాడు గానీ ఏడవలేదు. మీరూ ఏడవడానికి వీల్లేదు.

నా వైపు చూడండి. నోరు తెరవండి. మళ్ళీ.

బతకలేక...

ఆఁ!

విన్నారా? మీరేమన్నారో మీరు విన్నారా? ఒక్క అక్షరం పోలేదు! చివర్న ఆ ముక్కులోంచి వచ్చే నవ్వు కూడా ఊడిపడింది, చూశారా? కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు మాత్రం పాతదే. ఓరి దేవుడోయ్, సగం మనిషి పడిపోయినా ఆ నవ్వు పడిపోలేదు!

మళ్ళీ. బతకలేక... ఆఁ. ఇంకా గట్టిగా. బతకలేక... ఆఁ, అలాగ. పక్కింటికి వినపడాలి.

అయ్యో, వదినా! ఎప్పుడొచ్చావ్? చెప్పులు కూడా విప్పలేదే. అవును, ఆయనే. ఆయన గొంతే, ఇంకెవరిది? విన్నావుగా. ఉండు, పడిపోతావు, కూర్చో. మందులు కిందపడ్డాయి. ఫర్వాలేదు, నేనేరతాలే, నాకలవాటేగా.

ఏమన్నారో విన్నావా? స్పష్టంగా ఉందంటావా? ఉంది, ఉంది. అది కాదొదినా, ఏమన్నారో... సరేలే. ఏమంటే ఏం.

ఆఁ? ఏ మాత్ర? నిన్న వేసిన కొత్త మాత్రా? అది పనిచేసిందంటావా. ఊఁ. అయ్యుంటుంది. అదేలే, మంచి మాత్రే. వెళ్ళు, పిల్లలకి ఫోన్ చేసి చెప్పు. ముందు మొహం కడుక్కో. పో, పో, ఆయన దగ్గర నేనుంటాను.

చూశారా అన్నయ్యగారూ? మాత్రట.

మీరెందుకు అలా తల ఊపుతున్నారు? కాదని చెప్దామనా? ఊపండూపండి. ఎవరు చూస్తున్నారని?

సరే, రేపు ఇదే. డాక్టరమ్మ ముందు, మీ కొడుకుల ముందు. నేను సగమంటాను, మీరు సగమంటారు. అందరూ చప్పట్లు కొడతారు. వదిన ఏడుస్తుంది. ఆ మాట ఎవరి గురించో ఒక్కళ్ళకీ పట్టదు. మా పెళ్ళి భోజనాల్లోనూ అంతేగా, అందరికీ నచ్చింది.

ఎల్లుండి నుంచి రెండో వాక్యం.

ఇంకా ఉందా అంటారా? అదేంటండీ, ఇప్పుడేగా తలుపు తెరుచుకుంది. ఇక లోపలికి ఏం పంపాలన్నది నా ఇష్టం. డాక్టరమ్మే చెప్పింది, వేలసార్లు అనిపిస్తే కొత్త మాటైనా సరే ఆ రెండో గదిలోకి పోయి కూర్చుంటుందట. ఆ తర్వాత ఆలోచించక్కర్లేదు. నోరు తెరిస్తే అదే వస్తుంది.

నేను ఎప్పుడో ఎంచుకున్నాను. వినండి. ‘పంతులుగారూ, ఆ జగ్గు అక్కడ పెట్టేసి, వచ్చి కూర్చోండి.’

పొడుగైందా? ముక్కలు చేస్తాను. అది నాకు తెలిసిన విద్యేగా. ముందు ‘పంతులుగారూ’. గారు మింగకూడదు. అది వచ్చాక ‘కూర్చోండి’. జగ్గు ఆఖర్న.

వినడానికి ఆయన లేడు. నాకూ తెలుసు. అయినా అంటారు. పాలవాడొచ్చినా అదే అంటారు, మనవరాలు ముద్దిచ్చినా అదే అంటారు, నిద్రలో లేపినా అదే అంటారు. మొహం చూసి కాదు, మర్యాద తెలిసి కాదు. ఆవులించినట్టు రావాలి. అందాకా వదలను.

ఎన్నాళ్ళు పడుతుందో నాకేం తెలుసండీ. తొందరేముంది? నాకెలాగూ సెలవులేగా.